బుడమేరు ముంపు వెనుక కథ

బుడమేరు నిజానికి కృష్ణలో కలవాల్సిన ఏరు కాదు. మైలవరం వైపు కొండల్లో పుట్టి, విజయవాడకు ఉత్తరాన ఉన్న పల్లాల గుండా కొల్లేటికి చేరడం దాని సహజ మార్గం. దాన్ని కృష్ణ వైపు తిప్పింది మనం. 2024 సెప్టెంబరులో విజయవాడలోని సింగ్ నగర్ ఎందుకు మునిగిందో తెలియాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

పాత వరదలతో విసిగిన ఇంజనీర్లు వెలగలేరు వద్ద హెడ్ రెగ్యులేటర్, అంటే నీటిని అదుపు చేసే గేట్ల కట్టడం, కట్టారు. అక్కడి నుంచి మళ్లింపు కాలువ తవ్వి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపారు. ఆ కాలువను 15,000 క్యూసెక్కుల ప్రవాహానికి తగ్గట్టు రూపొందించారు. దాంతో వెలగలేరు దిగువన పాత ఏరు బక్కచిక్కింది. ఏళ్ల తరబడి నీరు రాని నేల మీద నగరం పెరిగింది. అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, న్యూ రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ అలా వెలిసినవే. ఇక్కడివారందరినీ ఆక్రమణదారులనడం అన్యాయం. వాంబే అన్నది ప్రభుత్వ గృహ పథకం పేరు. పేదలకు ఆ పల్లంలో ఇళ్లు చూపించింది ప్రభుత్వమే. మిగిలినవారు ధర అందుబాటులో ఉందని, కాగితాలు సరిగ్గా ఉన్నాయని కొనుక్కున్నారు. ఆ కాగితాల్లో వరద మాట ఎక్కడా లేదు.

మళ్లింపుతో మరో చిక్కు వచ్చింది. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు బుడమేరు నీటిని అది తీసుకోలేదు. కాలువలో నీరు వెనక్కి ఎగదన్ని కట్టల మీద ఒత్తిడి పెరుగుతుంది. 2024లో రెండూ ఒకేసారి పొంగాయి. ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. 1957లో బ్యారేజీ పూర్తయ్యాక అంత వరద ఎన్నడూ రాలేదు. ఇటు మళ్లింపు కాలువ ఎడమ కట్టకు గండ్లు పడ్డాయి. నీరు తన పాత దారి వెతుక్కుని కాలనీల మీదికి వచ్చింది. కొన్ని వీధుల్లో వారం దాటినా నీరు తీయలేదు. 2005లోనూ బుడమేరు ఈ ప్రాంతాన్ని ముంచింది. ఆ తర్వాత తలపెట్టిన కాలువ విస్తరణ పందొమ్మిదేళ్లకూ పూర్తి కాలేదు. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

నదికి ఆనుకుని ఉన్న కృష్ణలంక సంగతి వేరు. అక్కడ ప్రమాదం కళ్లెదుట కనిపిస్తుంది కాబట్టి రక్షణ గోడ కోసం ఏళ్ల తరబడి అడిగారు, దశలవారీగా కట్టించుకున్నారు. 2024లో ఆ గోడ పెద్ద ముప్పునే తప్పించింది. ఎండిన ఏటి పక్కన ఉన్నవారికి అడగాలన్న ఆలోచన రావాలంటే ముందు ముప్పు కనబడాలి. దాన్ని చూపించేది ముంపు పటం, అంటే ఎక్కడ ఎంత ఎత్తున నీరు వస్తుందో గుర్తించిన పటం.

ఈ ఆలోచన కొత్తది కాదు. వరద మైదానాలను ముప్పును బట్టి జోన్లుగా విభజించాలంటూ కేంద్ర జలసంఘం 1975లోనే నమూనా బిల్లును రాష్ట్రాలకు పంపింది. మణిపూర్ 1978లో, రాజస్థాన్ 1990లో చట్టాలు చేశాయి. ముందుకొచ్చిన రాష్ట్రాలు మాత్రం కొన్నే. అందులోని సూత్రం తేలికైనది. ఆసుపత్రులు, విద్యుత్ కేంద్రాల వంటివి వందేళ్లకోసారి వచ్చే వరద మట్టానికి పైన ఉండాలి. తరచూ మునిగే నేలను పార్కులకు, ఆటస్థలాలకు వదిలేయాలి.

హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో ముంపు విస్తీర్ణాన్ని చూపగలదు. కానీ ఇళ్లు కిక్కిరిసిన సందులో నీరు మోకాళ్ల వరకు వచ్చిందా, పైకప్పు దాకా వచ్చిందా అన్నది ఆ చిత్రాల్లో తేలదు. అది కాలనీవాసులకు తెలుసు. ముందు ఏ వీధిలోకి వచ్చింది, ఏ వైపు నుంచి, ఎన్ని రోజులు నిలిచింది, గోడ మీద మరక ఎంత ఎత్తున ఉంది అన్న వివరాలను వీధివీధినా రాసుకోవాలి. ఆ మరకల ఎత్తును సర్వేయర్లు సముద్రమట్టంతో సరిచూడాలి. వాగు పోరంబోకును, అంటే వాగు కోసం వదిలిన ప్రభుత్వ భూమిని, చూపే పాత గ్రామ పటాల మీద ఆ వివరాలను పరచాలి. గోడలకు సున్నం పడితే మరకలు పోతాయి కాబట్టి ఈ పని ఆలస్యం చేయకూడదు.

పటం బయటపెడితే స్థలాల ధరలు పడిపోతాయన్న భయం ఉంది. అది నిజమైన భయమే. జీవితకాలపు పొదుపంతా ఆ ఇంట్లో పెట్టినవారికి ఆ నష్టం చిన్నది కాదు. అందుకే పటంతో పాటే పునాదులు ఎత్తు చేసుకోవడానికి సాయం, చౌకగా బీమా, తగిన హెచ్చరిక వ్యవస్థ వారికి అందాలి. కొత్త లేఅవుట్ల విషయంలో మాత్రం ఏ మినహాయింపూ ఉండకూడదు. సర్వే నంబరు పక్కన మార్కెట్ విలువ రాసినట్టే 2024 నాటి నీటి మట్టం కూడా రాయాలి. అది చూశాకే అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది తేల్చాలి.