‘అర్థమైందా?’ ‘అయింది సార్!’

పాఠం మధ్యలో మాస్టారు ఆగి “అర్థమైందా?” అంటారు. తరగతంతా ఒకే గొంతుతో “అయింది సార్” అంటుంది. మాస్టారు బోర్డు తుడిచి ముందుకు సాగిపోతారు. అర్థం కాని పిల్లవాడికి కూడా ఆ గుంపులో గొంతు కలపడమే క్షేమం. కాలేదంటే లేచి నిలబడాలి, ఏం కాలేదో చెప్పాలి. అసలు ఏం అర్థం కాలేదో చెప్పగలిగితే సగం అర్థమైనట్టే కదా!

హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్‌కు కూడా ఇదే అనుభవమైంది. ఆయన పాఠాలు విద్యార్థులకు బాగా నచ్చేవి, లెక్కలూ బాగానే చేసేవారు. ఒకసారి మామూలు మాటల్లో ఓ ప్రశ్న ఇచ్చారు: బరువైన లారీ, చిన్న కారు ఢీకొంటే ఏది దేనిమీద ఎక్కువ బలం చూపిస్తుంది? ప్రతి చర్యకూ సమానమైన ప్రతిచర్య ఉంటుందనే న్యూటన్ మూడో నియమాన్ని గడగడా అప్పజెప్పగలిగినవాళ్లే చాలామంది ‘లారీ’ అన్నారు. నిజానికి రెండు బలాలూ సమానం. కారు బరువు తక్కువ కాబట్టి దాని వేగం ఎక్కువగా మారుతుంది, నుజ్జయ్యేదీ అదే. కంటికి కనిపించే ఆ నుజ్జును చూసి మనం బలాన్ని లెక్కగడతాం.

ఆయన రెండుమూడు రకాలుగా వివరించినా లాభం లేకపోయింది. చివరికి విసుగొచ్చి “మీ పక్కవాళ్లతో మాట్లాడుకోండి” అన్నారు. క్లాసంతా గోలగోల. కొద్ది నిమిషాల్లోనే చాలామందికి విషయం తెలిసిపోయింది! నిన్నమొన్న అర్థం చేసుకున్నవాడికి ఎక్కడ కాలు జారుతుందో ఇంకా గుర్తుంటుంది. ఇరవై ఏళ్లుగా అదే పాఠం చెబుతున్న మాస్టారు ఆ చోటు ఎప్పుడో మరిచిపోయి ఉంటారు. 1991 నుంచి మజూర్ దీన్నే బోధనా పద్ధతిగా మార్చుకున్నారు.

ప్రశ్న అడిగితే సరిపోదు, ఆగాలి కూడా. 1970ల్లో మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు తరగతుల్లో రికార్డు చేసిన మాటలను పరిశీలించారు. ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. ఆ తర్వాత ఇంకొకరిని అడగడమో, తామే జవాబు చెప్పేయడమో జరుగుతోంది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవుగా వచ్చాయి, మందకొడి అనుకున్న పిల్లలూ నోరు విప్పారు. మూడు సెకన్లే, కానీ నలభైమంది ముందు నిలబడి మౌనంగా ఉండి చూడండి, ఎంత పెద్దగా అనిపిస్తాయో.

శ్రద్ధ పది పదిహేను నిమిషాలే నిలుస్తుందని ట్రైనింగుల్లో చెబుతుంటారు. ఆ లెక్కకు గట్టి ఆధారాలేమీ లేవు. గడియారం కన్నా, ఆ సమయంలో బుర్రకు పనుందా లేదా అన్నదే ముఖ్యం. 2013లో వచ్చిన ఓ ప్రయోగంలో 21 నిమిషాల వీడియో పాఠాన్ని నాలుగు ముక్కలు చేశారు. ముక్కముక్కకూ చిన్న పరీక్ష రాసినవాళ్లలో పరధ్యానం 19 శాతం, రాయనివాళ్లలో 41 శాతం. చివరి పరీక్షంటే టెన్షన్ కూడా రాసినవాళ్లకే తక్కువ.

అయితే ఇక్కడో చిక్కుంది. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ తరగతుల్లోనే చేసిన ఓ పరిశోధనలో, కూర్చుని చక్కటి ఉపన్యాసం విన్నవాళ్లు తాము ఎక్కువ నేర్చుకున్నామనుకున్నారు. పరీక్షలో మాత్రం తామే తంటాలుపడి లెక్కలు చేసినవాళ్లకు ఎక్కువ మార్కులొచ్చాయి. అంటే “అయింది సార్” అనే పిల్లవాడు అబద్ధమాడుతున్నాడని కూడా అనలేం. పాపం, వాడికి నిజంగానే అయినట్టుంటుంది.

నిజంగా అర్థమైందో లేదో తెలుసుకోవడానికి ప్రొజెక్టర్లు, ట్యాబ్‌లు అక్కర్లేదు. మన బళ్లలో ఒకప్పుడు ప్రతి పిల్లవాడి చేతిలోనూ పలక ఉండేది, లెక్క చేసి పైకెత్తి చూపించేవారు. పలక లేకపోతే పాత నోట్‌బుక్ కాగితమైనా చాలు. ‘లారీయా, కారా, సమానమా?’ అని అడిగి, ఒక నిమిషం ఆగి, అందరినీ ఒకేసారి ఎత్తమనాలి. నలభై కాగితాల్లో పాతిక మీద ‘లారీ’ అని కనిపించిందనుకోండి, మాస్టారు బోర్డు తుడవకుండా ఆగుతారు.