ఇరవై మంది లేకపోతే ఆన్‌లైనే: సరిహద్దు తెలుగు ఇళ్లలో విదేశీ భాషల గొడవ వెనక కథ

కొత్త విద్యా సంవత్సరం దగ్గర పడేసరికి తెలంగాణ సరిహద్దుకి ఆనుకుని మహారాష్ట్రలో ఉన్న సిరొంచ, రాజురా, ధర్మాబాద్, దెగ్లూర్ తెలుగు ఇళ్లలో పాత వాదనే మళ్లీ లేస్తుంది. పగలు మరాఠీ బడికో ఇంగ్లిష్ మీడియానికో వెళ్లొచ్చిన పిల్లలు సాయంత్రం ఆన్‌లైన్ క్లాసులో జర్మనో జపనీసో నేర్చుకుంటున్నారు. కొందరైతే పూర్తిగా ఆన్‌లైన్ బడికే మారిపోయారు, అక్కడ విదేశీ భాష ఫీజులోనే కలిసి ఉంటుంది. డబ్బు కట్టి పరాయి భాష నేర్పిస్తున్నారు, ఇంటి భాషలో మాత్రం అక్షరం ముక్క రాదు అని తాతలు, తెలుగు సంఘాల పెద్దలు తప్పు పడతారు. వాళ్ల బాధ నిజమే. కానీ జర్మన్ వచ్చి తెలుగును తరిమేసిందన్న మాట తేదీలు చూస్తే నిలవదు.

నాందేడ్ హైదరాబాద్ రాష్ట్రం నుంచి విడిపోవడం, రాజురా ఆదిలాబాద్ నుంచి మహారాష్ట్ర వైపు వెళ్లడం, జివతి తాలూకాలో రెండు రాష్ట్రాలూ మావేనంటున్న 14 ఊళ్లు, ఇవన్నీ తెలిసిన కథలే. వాటిని పక్కన పెడదాం. ఇప్పటి గొడవను అర్థం చేసుకోవడానికి చూడాల్సిన తేదీ 2025 జూన్ 17.

ఆ రోజు మహారాష్ట్ర పాఠశాల విద్యాశాఖ ఒక జీఆర్ ఇచ్చింది. మనం జీఓ అనేదాన్నే అక్కడ జీఆర్ అంటారు. అంతకు ముందు ఏప్రిల్ 16న ఇచ్చిన జీఆర్‌లో మరాఠీ, ఇంగ్లిష్ మీడియం బడుల్లో ఒకటో తరగతి నుంచి హిందీ మూడో భాషగా తప్పనిసరి అన్నారు. దాని మీద గొడవ కావడంతో జూన్‌లో మాట మార్చి, మూడో భాష సాధారణంగా హిందీ ఉంటుందన్నారు. హిందీ వద్దనుకుని ఇంకో భారతీయ భాష కావాలంటే ఆ తరగతిలో కనీసం 20 మంది అడగాలి. 20 మంది ఉంటే టీచర్‌ని ఇస్తారు, లేదంటే ఆ భాషను ఆన్‌లైన్‌లో చెప్తారు.

ముంబైలో అందరూ ఆ జీఆర్‌లో హిందీనే చూశారు. వ్యతిరేకత పెరిగి జూన్ 29న ప్రభుత్వం రెండు జీఆర్‌లనూ వెనక్కి తీసుకుంది, నరేంద్ర జాధవ్ అధ్యక్షతన కమిటీ వేసింది. జులై 5న ఠాక్రే సోదరులు ఉద్ధవ్, రాజ్ ఒకే వేదిక మీద విజయసభ పెట్టారు. టీవీల్లో కథ అక్కడితో అయిపోయింది. సరిహద్దు తాలూకాల్లో మిగిలింది మాత్రం ఆ ఇరవై మంది వాక్యం. సిరొంచ దగ్గర చిన్న ఊళ్లో జిల్లా పరిషత్ బడి అంటే ఒక్కో తరగతిలో ఎంతమంది ఉంటారు? ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడే ఊళ్లో కూడా ఒకే తరగతిలో ఇరవై సంతకాలు దొరకడం కష్టం. అంటే గోదావరికి ఇవతల ఒడ్డున అంగట్లో వినపడే భాష, అవతల ఒడ్డున బడిలో స్క్రీన్ మీద మాత్రమే వచ్చే భాష అవుతుంది.

ఇది ఎంత పెద్ద మార్పో తెలియాలంటే 1949 దాకా వెళ్లాలి. ఆ ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక నియమం ఒప్పుకుంది. ప్రాంతీయ భాష కాకుండా వేరే మాతృభాష ఉన్న పిల్లలు తరగతిలో పది మంది గానీ, బడి మొత్తంలో నలభై మంది గానీ ఉంటే వాళ్ల భాషలో చెప్పడానికి కనీసం ఒక టీచర్‌ని వేయాలి. భాషా అల్పసంఖ్యాకుల పత్రాల్లో దీన్నే 10:40 సూత్రం అంటారు. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఏ అధికరణ కూడా ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు వసతి కల్పించమనే చెప్తుంది. ఆ సూత్రం బోధన మాధ్యమం గురించి, 2025 జీఆర్ మూడో భాష గురించి, రెండూ ఒకటి కావన్నది నిజమే. అయినా పాత నియమం అడిగింది పది మందిని, ఇస్తానన్నది మనిషిని. కొత్తది ఇరవై మందిని అడిగి, లేకపోతే లింక్ ఇస్తానంది. జీఆర్ రద్దయింది గానీ, పిల్లలు తక్కువుంటే భాషను ఆన్‌లైన్‌కి పంపొచ్చన్న ఆలోచన ప్రభుత్వ కాగితం మీదికి ఒకసారి వచ్చింది.

ఇక్కడే తెలుగు, జర్మన్ పక్కపక్కన చేరాయి. టీచర్ లేనప్పుడు రెండూ స్క్రీన్ మీది భాషలే. రెండింటికీ టైమ్ కావాలి, డేటా కావాలి, పక్కన కూర్చునే అమ్మ కావాలి. అప్పుడు ఏ తల్లయినా రెండింటినీ పోల్చి చూస్తుంది.

విదేశీ భాష స్క్రీన్ మీదికి ఎలా వెళ్లిందన్నది ఇంకో దారి. బడిలో దానికున్న చోటు పోయింది కాబట్టి వెళ్లింది. కేంద్రీయ విద్యాలయాల్లో 2011లో మ్యాక్స్‌ముల్లర్ భవన్‌తో (జర్మన్ నేర్పే గోథె ఇన్‌స్టిట్యూట్‌కి మన దేశంలో పేరు) ఒప్పందం చేసుకుని ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా జర్మన్‌ను మూడో భాషగా పెట్టారు. 2014 అక్టోబర్‌లో, చదువు సగంలో ఉండగా, దాన్ని తీసేసి సంస్కృతం తెచ్చారు. సుమారు 70 వేల మంది పిల్లల మీద ఆ నిర్ణయం పడింది. సుప్రీంకోర్టు దాకా వెళ్లాక ఆ ఏడాదికి సంస్కృతం పరీక్ష లేకుండా సర్దారు. బ్రిస్బేన్ జీ20 సభలో జర్మనీ చాన్సలర్ మెర్కెల్ ఈ సంగతి మోదీ దగ్గర ఎత్తారు కూడా. జర్మన్ చివరికి అదనపు భాషగా మిగిలింది.

2020 జాతీయ విద్యావిధానం ఆ చోటును ఇంకా బిగించింది. మూడు భాషల్లో రెండు భారతీయ భాషలు ఉండాలంది. ఇంగ్లిష్ ఎవరూ వదులుకోరు కాబట్టి మూడో గడి దానితోనే నిండుతుంది. కొరియన్, జపనీస్, థాయ్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, పోర్చుగీస్, రష్యన్ వంటివి సెకండరీ స్థాయిలో నేర్పవచ్చని రాశారు. ముసాయిదాలో ఉన్న చైనీస్ చివరి పత్రంలో లేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో మహారాష్ట్ర శాసనసభ అన్ని బోర్డుల బడుల్లోనూ మరాఠీ తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది, పాటించని యాజమాన్యానికి లక్ష రూపాయల దాకా జరిమానా. సొంత రాష్ట్రంలో రాష్ట్ర భాష నేర్పాలనడాన్ని తప్పు పట్టలేం. కానీ ఇంగ్లిష్ మీడియంలో చదివే తెలుగు పిల్లాడికి మరాఠీ, ఇంగ్లిష్, హిందీతో మూడు గడులూ అయిపోతాయి. తెలుగుకీ, జర్మన్‌కీ రెంటికీ చోటు లేదు.

వెంటనే లాక్‌డౌన్ వచ్చింది. అప్పటి ఔరంగాబాద్ (ఇప్పుడు ఛత్రపతి సంభాజీనగర్) జిల్లాలో గాడీవాట్ అనే ఊరి జిల్లా పరిషత్ బడి అంతకు ముందు ఏడాదే విదేశీ భాష నేర్పాలనుకుని, ఏది కావాలో పిల్లలనే అడిగింది. రోబోల మీద మోజుతో ఎక్కువమంది జపనీస్ అన్నారు. 2020లో ఆ పాఠాలు ఆన్‌లైన్‌లో మొదలయ్యాయి. కాన్వెంటు కాదు, ఖరీదైన బడీ కాదు, సర్కారీ బడి. సరిహద్దు ఊళ్లలో తల్లిదండ్రులు ఇప్పటికీ చెప్పే ఉదాహరణ ఇదే, చెప్పడంలో న్యాయం ఉంది. వాళ్ల వాదనకు రెండో బలం 2024 ఫిబ్రవరిలో దొరికింది. మహారాష్ట్ర ప్రభుత్వం జర్మనీలోని బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంతో ఒప్పందం చేసుకుని, మొదటి దశలో పది వేల మంది నైపుణ్యం ఉన్న యువతకు జర్మన్ నేర్పించి పంపుతామంది. నర్సులు, ఎలక్ట్రీషియన్లు, డ్రైవర్లు కావాలన్నారు. ప్రభుత్వమే ఈ భాషలో ఉద్యోగాలున్నాయని చెప్తుంటే ధర్మాబాద్ మిర్చి వ్యాపారి తన కూతుర్ని డెమో క్లాసులో కూర్చోబెట్టడం వింతేం కాదు.

అయితే డెమో క్లాసులో చెప్పని సంగతులున్నాయి. ఎనిమిదేళ్ల పిల్లలు నేర్చుకునేది ఏ1, అంటే తొలి మెట్టు. జర్మనీలో నర్సుగా గుర్తింపుకు సాధారణంగా బీ2, అంటే నాలుగో మెట్టు, అడుగుతారు, మధ్యలో ఏళ్ల చదువుంది. ఆన్‌లైన్ బడి ఇచ్చే సర్టిఫికెట్ కంటే గోథె ఇన్‌స్టిట్యూట్ పరీక్షకో, జపనీస్ అయితే జేఎల్‌పీటీ అనే పరీక్షకో విలువ. ఇక అసలు ఆన్‌లైన్ బడి బడేనా అన్న ప్రశ్న వేరే ఉంది. 2022 ఆగస్టు 31న ఢిల్లీ ప్రభుత్వం దేశంలోనే తొలి వర్చువల్ స్కూల్ అని ప్రకటిస్తే, మాది 2021లోనే ఉందని ఎన్ఐఓఎస్ (కేంద్రం నడిపే సార్వత్రిక విద్యా సంస్థ) వెంటనే చెప్పింది. పైవాళ్లకే స్పష్టత లేని చోట సిరొంచ తండ్రిని ఏమనగలం? ప్రైవేటు ఆన్‌లైన్ బడిలో చదివే పిల్లలు చాలామంది పదో తరగతి ఎన్ఐఓఎస్ ద్వారానే రాస్తారు. పద్నాలుగేళ్లు నిండాలి, అయిదు సబ్జెక్టులు, అందులో భాషలు ఒకటి లేదా రెండు మాత్రమే. ఆ జాబితాలో తెలుగు ఉంది, మరాఠీ కూడా ఉంది. అంటే ఆన్‌లైన్‌కి వెళ్లిన పిల్లాడికి తెలుగు పరీక్ష రాసే అవకాశం పక్కింటి ఇంగ్లిష్ మీడియం పిల్లాడి కంటే ఎక్కువ! ఫీజు మాట్లాడేటప్పుడు ఈ మాట ఎవరూ ఎత్తరు.

పసివాళ్ల మీద ఇన్ని భాషల బరువేంటని కొందరు అంటారు. బరువు భాషల్లో కంటే గంటల్లో ఉంది. 2020 జులైలో కేంద్రం ఇచ్చిన ప్రజ్ఞత మార్గదర్శకాలు ఎనిమిదో తరగతి దాకా రోజుకి రెండు ఆన్‌లైన్ క్లాసులు, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు చాలన్నాయి. విదేశీ భాష ఒకటి, తెలుగు ఒకటి అనుకుంటే లెక్క అక్కడే అయిపోతుంది. భాషల మాటకొస్తే ఈ పిల్లలు గట్టివాళ్లు. జపనీస్ వాక్యంలో క్రియ చివర్న వస్తుంది, ‘కి’, ‘లో’ లాంటివి నామవాచకం వెనక చేరతాయి, తెలుగు పిల్లాడికి అది అలవాటైన వరసే. జర్మన్‌లో మూడు లింగాలంటే హైదరాబాద్ పిల్లాడు బెదురుతాడేమో గానీ, మరాఠీ ఒకటో తరగతిలో తో, తీ, తే నేర్చిన దెగ్లూర్ పిల్లకి డెర్, డీ, డాస్ ఉన్నాయంటే ఆశ్చర్యం ఉండదు. ఏ మాటకి ఏ లింగమో మాత్రం మళ్లీ నేర్చుకోవాల్సిందే.

పెద్దల వైపు వాదన ఇంత పొడుగ్గా చెప్పడానికి లేదు. ధర్మాబాద్ దాటగానే రైలు బాసర చేరుతుంది. ఈ ఇళ్లలో చాలామంది పిల్లలకు అక్షరాభ్యాసం అక్కడే, పలక మీద తొలి అక్షరం తెలుగే. మర్నాటి నుంచి బడిలో ఆ అక్షరంతో పని లేదు, ఇది ఇప్పటి సంగతీ కాదు. ఇప్పుడు తప్పు పడుతున్న పెద్దల కొడుకులే చాలామంది తెలుగు చదవలేరు, అప్పటికి ఆన్‌లైన్ జర్మన్ పుట్టనే లేదు.

తెలుగు సంఘాలు ఈసారి 10:40 సూత్రం పట్టుకుని అర్జీ పెట్టాలనుకుంటే ముందు లెక్క తేలాలి. బడుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో ప్రతి విద్యార్థికీ మాతృభాష అనే గడి ఒకటుంది. అడ్మిషన్ రోజు హడావుడిలో అందులో మరాఠీ అని పడితే, జిల్లా ఆఫీసు లెక్కలో ఆ తరగతిలో తెలుగు పిల్లలు లేనట్టే.