మూడు ఆరులు కనిపిస్తే భయమెందుకు? హీబ్రూ అక్షరాల లెక్కపై అపోహలు - వాస్తవాలు

బైబిలు కళాశాలలో హీబ్రూ చెబుతాను. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరైనా ఫోన్ పట్టుకుని పక్కకు పిలిచారంటే, అది బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలో దుష్టశక్తిగా కనిపించే మృగం సంఖ్య, 666 సంగతే.

ఈమధ్య ఒకామె వచ్చింది. కూతురి హాల్ టికెట్ నంబర్లో మూడు ఆరులు పక్కపక్కనే పడ్డాయట. "పరీక్షకు పంపితే మృగం ముద్ర వేయించుకున్నట్టేనంటున్నారు అయ్యగారూ" అంది. కోచింగ్‌కు అప్పు తెచ్చిన తల్లి. ఆమెను చూస్తే జాలేసింది. ఆ మాట ఆమె చెవిన వేసినవాళ్ల మీద మాత్రం ఒళ్లు మండింది.

అపోహ: మూడు ఆరులు ఎక్కడున్నా మృగం సంఖ్యే.

వాస్తవం: ప్రకటన గ్రంథం 13:18లో ఉన్నది మూడు ఆరులు కాదు, ఆరువందల అరవై ఆరు అనే మొత్తం. ఆ రోజుల్లో అక్షరాలనే అంకెలుగా వాడేవారు. హీబ్రూలో ఆలెఫ్ 1, యోద్ 10, కోఫ్ 100, తావ్ 400. పేరులోని అక్షరాల విలువలు కూడడమే గెమాత్రియా. 'నేరోన్ కేసర్' అని హీబ్రూలో రాసి కూడండి: 50, 200, 6, 50, 100, 60, 200. సరిగ్గా 666. లాటిన్ పద్ధతిలో 'నేరో' అంటే చివరి నూన్ (50) పోయి 616 మిగులుతుంది. కొన్ని పాత ప్రతుల్లో ఉన్నది ఆ 616యే! అందుకే ఇది 54 నుంచి 68 దాకా రోమును ఏలిన నీరో చక్రవర్తి గురించేనని చాలామంది పండితులు అంటారు. హాల్ టికెట్ ఊసే లేదు.

వెబ్ అడ్రసులోని మూడు డబ్ల్యూలు మూడు వావ్‌లు, కాబట్టి 666 అని ఇంకో పుకారు. వావ్ 6, నిజమే. కానీ అక్షరాలకు అంకెలిచ్చే మన కటపయాది పద్ధతిలో 'మేచ'ను 5, 6 అని తీసుకుని తిరగేస్తే మేచకల్యాణి 65వ మేళకర్త రాగం అయినట్టు, హీబ్రూలో స్థానాన్ని బట్టి విలువ మారదు. కూడడమే. మూడు వావ్‌లు 18. యూదులకు 18 అంటే 'ఖాయ్', జీవం (ఖేత్ 8, యోద్ 10). మనం నూటపదహార్లు చదివించినట్టు వాళ్లు పెళ్లిళ్లలో 18, 36 చొప్పున కానుకలిస్తారు.

ఇదంతా చెబితే ఆ తల్లి కాస్త తేరుకుంది. "అయినా పిల్ల కోసం ఒకసారి ప్రార్థన చేయండి" అంది. చేశాను.

అపోహ: ఇది చేతబడి. కాదు. యూదులు తేదీలు కూడా అక్షరాల్లోనే రాస్తారు. 15కి యోద్-హే రాస్తే దేవుని నామంలా ఉంటుందని తేత్-వావ్ (9+6) రాస్తారు.

అపోహ: హీబ్రూ లెక్క ప్రకారం పేరు స్పెల్లింగ్ మారిస్తే జాతకం మారుతుంది. డబ్బు దండగ.

అపోహ: అసలు బైబిలు సిద్ధాంతమంతా ఈ లెక్కల్లోనే దాగుంది. కాదు. యూదుల నీతివాక్యాల సంకలనం పిర్కే అవోత్‌లో ఒక రబ్బీ (యూదు బోధకుడు) గెమాత్రియాను జ్ఞానానికి నంజుకునే పదార్థం లాంటిదన్నాడు. ఆదికాండం 14:14లో అబ్రాముతో వెళ్లినవాళ్లు 318 మంది. అబ్రాము సేవకుడు ఎలీయెజెరు పేరు కూడితే 318 వస్తుంది కాబట్టి వెళ్లింది అతనొక్కడేనని యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథం తల్ముదులో ఒక వ్యాఖ్య. అదే 318ని తొలినాటి క్రైస్తవ రచన బర్నబా పత్రిక గ్రీకు అక్షరాల్లో విడదీసింది: 10, 8 యేసు పేరులోని మొదటి రెండక్షరాలు, 300 సిలువ ఆకారంలోని తౌ. ఏది కరెక్టని విద్యార్థులు ఏటా అడుగుతారు. ముందు ఆ అధ్యాయం మొత్తం చదివి రమ్మంటాను.