ఆత్మవిచారం అంటే విచారపడటం కాదు: మా క్లాసుకు వచ్చే కొన్ని అపోహలు, వాస్తవాలు

కిందటి నెల ఒకావిడ ఫోన్ చేశారు. వాళ్ళ అపార్ట్‌మెంట్ లిఫ్టులో మా ఆదివారం క్లాసు కాగితం ఎవరో అంటించారట. "మీరు ఆత్మవిచారం నేర్పిస్తారంట కదమ్మా. మా కోడలు ఇప్పటికే పొద్దస్తమానం విచారంగా ఉంటుంది. అది మళ్ళీ క్లాసు పెట్టి నేర్పించాలా?"

నవ్వాపుకోవడం కష్టమైంది గానీ, తప్పు ఆవిడది కాదు. తెలుగులో విచారమంటే దిగులే. ఇక్కడ బెంగళూరులో మా కింది ఇంటి కన్నడావిడ తలుపు తట్టి "ఒందు విచార" అందంటే, ఏదో మాట్లాడాల్సిన సంగతి ఉందని. సంస్కృతంలో అయితే విచారమంటే పరిశీలించి చూడటం. ఆత్మవిచారమంటే అసలు నేనెవరు అని పరిశీలించి చూసుకోవడం. మన తెలుగువాళ్ళకు వేదాంతంలో సగం చిక్కు ఇలా మాటల దగ్గరే వస్తుంది. ఆత్మ అంటే దెయ్యం. అహంకారం అంటే పొగరు. వైరాగ్యం అంటే ప్రేమ బెడిసికొట్టినవాడు పెంచే గడ్డం. మిథ్య అంటే అబద్ధం.

ఇరవై రెండేళ్ళు స్కూల్లో తెలుగు చెప్పాను. ఆ తర్వాత పద్నాలుగేళ్ళుగా కె.ఆర్.పురం వైపు ఒక చిన్న హాల్లో తెలుగువాళ్ళకు వేదాంత పాఠం చెబుతున్నాను. ఆ చివరి మాట ఉందే, మిథ్య, అది మనుషుల్ని ముంచడం కళ్ళారా చూశాను. ఈ పోస్టు ముఖ్యంగా దాని కోసమే. మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: "అంతా మిథ్య. నేను సాక్షిని. కాబట్టి నాకు బాధ లేదు."

సాక్షి అంటే దేహాన్నీ మనసునూ ఊరికే చూస్తూ ఉండే ఎరుక. మూడేళ్ళ కిందట ఒకబ్బాయి క్లాసుకు వచ్చేవాడు. గుంటూరు వైపు కుర్రాడు, ముప్పై దాటలేదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చురుకైనవాడు, శ్లోకం ఒకసారి వింటే పట్టేసేవాడు. ఒకరోజు వాళ్ళమ్మగారు ఊర్నుంచి ఫోన్ చేశారు. "అమ్మా, మా వాడు మీ దగ్గరికి వస్తున్నాడా? డబ్బు పంపి మూడు నెలలైంది. అడిగితే ఎవరు కొడుకు, ఎవరు తల్లి అంటున్నాడు." ఆవిడ గొంతులో వణుకు నాకు ఇప్పటికీ గుర్తుంది.

తీరా చూస్తే ఉద్యోగం పోయి మూడు నెలలు. ఇంట్లో చెప్పలేదు. ఊళ్ళో ఇంటి లోను ఈఎంఐలు వరసగా బౌన్స్. అంతకంటే పెద్ద సంగతి, టెన్షన్‌కు డాక్టరు రాసిచ్చిన మాత్రలు తనంతట తానే ఆపేశాడు. పిలిచి కూర్చోబెట్టాను.

"ఉద్యోగం పోయింది ఈ దేహానికి మేడమ్. నాకేం పోలేదు."

"రాత్రి నిద్ర పడుతోందా నాన్నా?"

"లేదు."

"నిద్ర పట్టనిది ఎవరికి?"

"దేహానికే" అన్నాడు. అంటూనే ఏడ్చేశాడు.

వాణ్ణి తిట్టాలనిపించలేదు. వాడికి ఆ మాటలు నేర్పింది మనమే. ఫోన్‌లో అరనిమిషం వీడియో పెట్టి "నువ్వు శరీరం కాదు, మనసు కాదు, బాధ అనేదే లేదు" అని చెప్పేవాళ్ళ మీద మాత్రం నాకు పట్టరాని కోపం. ఈఎంఐ మిథ్య అని మనం అనుకుంటే చాలదు, బ్యాంకువాడు కూడా అనుకోవాలి కదా.

వాస్తవం ఏమిటంటే, మిథ్య అంటే "లేదు" అని కాదు. కుందేటి కొమ్ము లేదు, దాన్ని అసత్తు అంటారు. ఎప్పటికీ మారకుండా ఉండేది సత్తు. ఈ రెంటిలోనూ చేరనిది, ఇంకోదాని మీద ఆధారపడి కనిపించేది, మిథ్య. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకు మట్టి ఉదాహరణ చెబుతాడు. కుండ, మూకుడు, ప్రమిద అన్నీ మట్టే, పేరూ ఆకారమే వేరు. సరే. అంతమాత్రాన కుండలో నీళ్ళు పట్టుకోవద్దని ఆయన అన్నాడా? 2024 మార్చిలో బెంగళూరులో బోర్లు ఎండిపోయినప్పుడు మా బిల్డింగ్‌లో ట్యాంకర్ హారన్ వినపడితే చాలు, వేదాంతం చెప్పే నేను కూడా బిందె పట్టుకుని మెట్లు దిగాను. అన్ని బిందెలూ స్టీలే. చిల్లు ఉన్న బిందెకు, లేని బిందెకు తేడా మాత్రం ఉంది.

సంప్రదాయం దీన్ని పారమార్థికం (ఎప్పటికీ మారని నిజం), వ్యావహారికం (రోజువారీ బతుకులోని నిజం), ప్రాతిభాసికం (తాడులో పాములా కాసేపు తోచేది) అని విడదీసి పెట్టింది. ఏ లెక్క ఆ పద్దులోనే రాయాలి. జీతం, అమ్మ, మాత్ర, ఈఎంఐ వ్యావహారికం పద్దు. అక్కడ రావాల్సిన జవాబును పారమార్థికం పద్దులోంచి తెచ్చి రాస్తే అది జ్ఞానం కాదు, దొంగలెక్క.

ఇంకో చిక్కు ఉంది, ఇది కాస్త లోతు. చూసేది దృక్కు, కనిపించేది దృశ్యం. రూపం కంటికి దృశ్యం, కన్ను మనసుకు దృశ్యం, మనసు సాక్షికి దృశ్యం. ఇంతవరకూ అందరూ గడగడా అప్పజెబుతారు. మరి "నేను సాక్షిని" అని లోపల ఒక మాట నడుస్తూ ఉంటుంది కదా, అదేమిటి? అదీ ఒక ఆలోచనే, అదీ దృశ్యమే. మేనేజరు, కొడుకు, బ్రాహ్మడు, రెడ్డి, టాపరు, ఫెయిల్యూరు అని పాత వేషాలు ఎన్ని ఉన్నాయో, "సాక్షి" అనేది వాటి పక్కన తగిలించిన కొత్త వేషం. పాతవాటికంటే శుభ్రంగా ఇస్త్రీ చేసి ఉంటుంది కాబట్టి విప్పడం ఇంకా కష్టం.

ఇది పరుల సంగతిగా చెప్పడం లేదు. 2009 నవంబరులో హిందూపురంలో మా నాన్న పోయారు. పన్నెండు రోజులూ నా కంట్లో చుక్క నీరు లేదు. "ఎంత నిబ్బరం! చదువుకున్నది వంటబట్టింది" అని బంధువులు అన్నారు. ఆ మాట వినడానికి బాగుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. మరుసటి ఏడాది జూలైలో కె.ఆర్.మార్కెట్లో బండి మీద నేరేడు పళ్ళు చూశాను. నాన్న ఏటా జేబురుమాల్లో మూటగట్టి తెచ్చేవారు, రుమాలంతా ఊదారంగు, అమ్మ తిట్లు. ఆటో ఎక్కాక మొదలైన ఏడుపు కార్పొరేషన్ సర్కిల్ దాటినా ఆగలేదు. పాపం ఆ డ్రైవరు ఆటో పక్కకు ఆపి నీళ్ళ బాటిల్ ఇచ్చాడు.

చిత్తూరు జిల్లాలో ఒక పల్లెలో ఉండే మా గురువుగారికి ఇదంతా చెప్పాను. ఆయన పెద్దగా ఓదార్చే మనిషి కాదు. "తండ్రి పోతే ఏడవనిదాన్ని అని ఒక నేనును కుట్టించుకున్నావు. పాతవి విప్పమని పంపిస్తే కొత్తది తొడుక్కుని వచ్చావు" అన్నారు. అంతే, లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చి ఇచ్చారు.

మా పెదనాన్న హరిశ్చంద్రుడి వేషం కట్టేవాడు. కాటిసీనులో ఆయన పద్యం ఎత్తుకుంటే ముందు వరస ఆడవాళ్ళు కొంగులు తడుపుకునేవాళ్ళు. తాను హరిశ్చంద్రుణ్ణి కానని ఆయనకు తెలియదా? తెలుసు. అలాగని పద్యం మధ్యలో ఆపి "నేను నిజానికి కిరాణా కొట్టు సుబ్బయ్యను, నాకేం దుఃఖం లేదు" అని ప్రకటించాడా? రాగం తప్పకుండా ఏడ్చాడు, తెర దిగాక సోడా తాగాడు. వేషం అబద్ధమని తెలియడానికి, వేషాన్ని చెడగొట్టడానికి సంబంధం లేదు.

మరి విచారం చేయడం ఎలా? ఆ అబ్బాయి మాటతోనే చెబుతాను. జరిగింది ఒకటి, అంటించుకున్నది ఒకటి. "ఈ నెల నుంచి జీతం రాదు", ఇది జరిగింది. దీనికి ఆత్మవిచారం అక్కర్లేదు, రెజ్యూమే కావాలి, ఇంటికి ఫోన్ చేయాలి, బ్యాంకుకు వెళ్ళి గడువు అడగాలి. "నేను చేతకానివాణ్ణి", ఇది అంటించుకున్నది. శంకరులు అధ్యాసకు ఇచ్చిన నిర్వచనం రెండు ముక్కలే, అతస్మిన్ తద్బుద్ధిః. అది కానిదాంట్లో అదే అనే బుద్ధి. విచారం పని చేయాల్సింది ఇక్కడ.

పొద్దున్నే మెలకువ వచ్చిన మొదటి రెండు మూడు క్షణాలు గమనించమంటాను. గది ఉంటుంది, వెలుతురు ఉంటుంది, మీరూ ఉంటారు. ఆ "చేతకానివాడు" ఇంకా రాడు. తర్వాత దిండు పక్కన కళ్ళజోడు తడిమి పెట్టుకున్నట్టు వాణ్ణి పెట్టుకుంటాం. రాత్రి నిద్రలో వాడు ఎక్కడున్నాడు? వాడు లేనప్పుడు కూడా మీరు ఉన్నారు కదా? ఇది నమ్మాల్సిన సంగతి కాదు, రేపు పొద్దున చూసుకోవాల్సిన సంగతి.

ఆ తర్వాత, ఆలోచన వచ్చినప్పుడల్లా ఇది ఎవరికి అని అడగడం. 1902 ప్రాంతంలో శివప్రకాశం పిళ్ళై అరుణాచలంలో మౌనంగా ఉన్న ఒక యువకుణ్ణి ప్రశ్నలు అడిగితే, ఆయన రాసి చూపించిన జవాబులే "నేనెవరు" అనే చిన్న పుస్తకం. ఆ యువకుడే రమణ మహర్షి. చితిని ఎగదోసే కర్ర చివరికి తానూ అందులోనే కాలిపోయినట్టు, నేనెవరు అనే ఆలోచన మిగతా ఆలోచనల్ని కాల్చి తానూ పోతుందని అందులో ఉంది. గమనించారా, కర్ర కూడా మిగలదు. "నేను సాక్షిని" అన్నవాళ్ళు ఆ కర్రను ఇంటికి తెచ్చి షోకేసులో పెట్టుకున్నారు.

మాత్రల మాట. 1949లో మహర్షి ఎడమ చేతికి వచ్చిన కణితికి నాలుగుసార్లు ఆపరేషన్ చేశారు. నేను దేహాన్ని కాను అని డాక్టర్లను ఆయన వెనక్కి పంపలేదు. అంతటాయన చెయ్యి చాచి కూర్చుంటే, నాలుగు వీడియోలు చూసిన మనం మాత్ర మానేస్తామా? పెరియపురాణంలో తమిళ శివభక్తుల కథలు చదువుతూ మహర్షి గొంతు పూడుకుపోయి చదవలేకపోయేవారట. కన్నీళ్ళు అజ్ఞానానికి గుర్తు అనుకునేవాళ్ళు ఇది కాస్త ఆలోచించాలి.

భయపడుతూ ఇది చదివేవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. లోకమంతా అద్దం అవతల ఉన్నట్టు, మీ గొంతు మీదే కానట్టు అనిపించి హడలిపోతున్నారా? నిద్ర, ఆకలి పోయాయా? దాన్ని సాక్షి స్థితి అని ఎవరు చెప్పినా నమ్మకండి, ముందు డాక్టరును కలవండి. ఇక్కడ హోసూరు రోడ్డులో నిమ్‌హాన్స్ మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉంది. అంతదూరం వెళ్ళలేకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఫోను ఉచితం, రాత్రయినా పగలయినా, తెలుగులోనూ మాట్లాడతారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మా క్లాసు రెండు నెలలు మానేసి తర్వాత రండి, మేమెక్కడికీ పోము.

ఇక మిగతావి.

"ఆలోచనలు ఆగిపోవాలి." గాఢనిద్రలో రోజూ ఆగుతున్నాయి. పొద్దున లేచి ఎవరమైనా జ్ఞానులమయ్యామా? ఆలోచన ఉండటం సమస్య కాదు, దాన్ని నేను అనుకోవడం సమస్య.

"నేనెవరు, నేనెవరు అని లక్షసార్లు జపించాలి." అది మంత్రం కాదని మహర్షే చెప్పారు. తాళంచెవి పోతే "ఎక్కడ, ఎక్కడ" అని జపం చేస్తామా, వెతుకుతామా?

"అహంకారం అంటే పొగరు, నాకు పొగరు లేదు కాబట్టి నాకా గొడవ లేదు." వేదాంతంలో అహంకారమంటే దేన్ని పట్టుకున్నా నేను, నేను అనే ఆ పట్టు. "నేనెందుకూ పనికిరాను" అని తల వంచుకున్న మనిషిలోనూ అది సమానంగానే ఉంది. మా క్లాసులో పొగరుబోతులు తక్కువ, ఈ రెండో రకం ఎక్కువ. ముఖ్యంగా ఆడవాళ్ళు. "నాదేముందమ్మా, పిల్లలు బాగుంటే చాలు" అనే నేను చాలా గట్టిది, దాని గురించి ఇంకోసారి రాస్తాను.

"ఉద్యోగం, సంసారం వదిలెయ్యాలి." జనకుడు రాజ్యం చేస్తూనే ఉన్నాడు. వదలాల్సింది నేను ఫలానా అనే పట్టును. రాజీనామా లెటరు రాసినా ఆ పట్టు మీతోనే బస్సెక్కి వస్తుంది.

"తిరువణ్ణామలై, అంటే అరుణాచలం, పోయి గిరిప్రదక్షిణ చేస్తే జ్ఞానం దానంతట అదే వస్తుంది." వెళ్ళండి, నేనూ వెళతాను. ఇక్కణ్ణుంచి కృష్ణగిరి, చెంగం మీదుగా సుమారు రెండు వందల కిలోమీటర్లు, కొండ చుట్టూ పద్నాలుగు. కాళ్ళు నొప్పి పుడతాయి, అది మాత్రం గ్యారంటీగా వస్తుంది.

ఆ అబ్బాయి గురించి అడుగుతారని తెలుసు. అదే రోజు మా హాలు మెట్ల మీద కూర్చుని వాళ్ళమ్మకు ఫోన్ చేశాడు. మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఐదు నెలలకు కొత్త ఉద్యోగం వచ్చింది, జీతం కొంచెం తక్కువే. పోయిన వారం క్లాసు అయ్యాక వచ్చి, "మేడమ్, మాత్ర వేసుకునేది ఎవరు?" అని అడిగాడు, నన్ను ఉడికించడానికి. ముందు వేసుకుని రారా అన్నాను. ఈ ఆదివారం దృక్-దృశ్య వివేకం మూడో పాఠం, ఉదయం ఏడున్నరకు. కుర్చీలు తక్కువ ఉన్నాయి, కింద కూర్చోగలిగినవాళ్ళు చాప తెచ్చుకోండి.