సైన్యం వెళ్లిపోతే శాంతి వచ్చినట్టేనా? అపోహలు, వాస్తవాలు

చెన్నైలో అంతర్జాతీయ సంబంధాలు బోధించడం నా వృత్తి. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ సివిల్స్‌కు చదువుకునే తెలుగు పిల్లలకు పాఠాలు చెబుతాను. కళాశాలల చర్చా పోటీలకు న్యాయనిర్ణేతగా వెళుతుంటాను. అంశం అఫ్గానిస్థాన్ కావచ్చు, ఇరాక్ కావచ్చు, శ్రీలంక కావచ్చు, వేదిక మీద ఒక మాట మాత్రం తప్పకుండా వినిపిస్తుంది: విదేశీ సైన్యం వెళ్లిపోతే శాంతి దానంతటదే వస్తుందని. చప్పట్లు కూడా మోగుతాయి. పోటీలో ఈ మాటకు పోయేది ఒకటి రెండు మార్కులే. ఇదే మాట నమ్మి సామాను సర్దుకున్న కుటుంబాలు మాత్రం ఈ నగరంలోనూ, చుట్టుపక్కల శరణార్థి శిబిరాల్లోనూ ఉన్నాయి. వాళ్లు పోగొట్టుకున్నది దగ్గర నుంచి చూశాక ఈ మాట మళ్లీ విన్నప్పుడల్లా నాకు ఓపిక నశిస్తుంది.

అపోహ: ఒప్పందం మీద సంతకాలయ్యాయి, సైన్యం వెళ్లడానికి తేదీ ఖరారైంది. ఇక యుద్ధం ముగిసినట్టే.

వాస్తవం: సైన్యాన్ని వెనక్కి పిలవడానికి కుదిరే ఒప్పందం వేరు, యుద్ధం ఆపడానికి కుదిరే ఒప్పందం వేరు. మొదటిది పరాయి దేశానికీ ఎవరో ఒక పక్షానికీ మధ్య కుదిరితే చాలు. రెండోది సైన్యం వెళ్లాక కూడా తుపాకీతో ఆ నేల మీదే ఉండేవాళ్లందరి మధ్యా కుదరాలి. పత్రికలు రెండింటినీ ఒకే పెద్ద శీర్షిక కింద వేస్తాయి. చదివేవాళ్లు రెండోదే జరిగిందనుకుంటారు.

మన పక్కనే జరిగినది చూడండి. 1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే భారత-శ్రీలంక ఒప్పందం మీద సంతకాలు చేశారు. ప్రత్యేక తమిళ దేశం కోసం యుద్ధం చేస్తున్న ఎల్టీటీఈ (తమిళ పులుల సంస్థ) సంతకం అందులో లేదు. ఆ ఒప్పందం కింద వెళ్లిన మన శాంతి సేన అక్టోబరు నాటికి ఎల్టీటీఈతోనే పోరాటంలో దిగింది. అయినా తమిళనాడులో తలదాచుకున్న శరణార్థులకు ఒప్పందం అన్న మాట ఇంటికి దారిగానే వినిపించింది. 1987 డిసెంబరు నుంచి 1989 ఆగస్టు దాకా సుమారు 25 వేల మంది తిరిగి వెళ్లారు. 1990 మార్చి 24న మన చివరి దళాలు ట్రింకోమలీలో ఓడ ఎక్కాయి. జూన్‌లో ఎల్టీటీఈకీ శ్రీలంక ప్రభుత్వానికీ మధ్య యుద్ధం మళ్లీ రాజుకుంది. ఆ విడతలో లక్షకు పైగా జనం పడవల్లో ఇటు వచ్చారు. అంతకుముందే నమ్మకంతో తిరిగి వెళ్లినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు.

గుమ్మిడిపూండి శిబిరంలో అలాంటి ఒక పెద్దావిడను కలిశాను. మన్నార్ దగ్గర పల్లె ఆవిడది. ఒక ప్లాస్టిక్ కవరులో రెండు శరణార్థి కార్డులు దాచుకుంది. మొదటిదాని మీద తిరిగి వెళ్లినట్టు ముద్ర ఉంది. రెండోది 1990లో రామేశ్వరం దగ్గరి మండపం శిబిరంలో ఇచ్చినది. ఆ రెండింటి మధ్యకాలంలో ఆవిడ పడిపోయిన ఇంటికి పైకప్పు వేయించింది, బావిలో పూడిక తీయించింది. ఇక్కడ కుట్టుపని చేసి కూడబెట్టినదంతా దానికే పోసింది. మళ్లీ యుద్ధం వస్తుందని అనిపించలేదా అని నా వెంట వచ్చిన విద్యార్థి అడిగాడు. "రేడియోలో ఒప్పందం అయిపోయిందని చెప్పారు కదా తంబీ" అంది. ఆవిడను తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ ఒప్పందంలో ఎవరి సంతకం లేదో ఆవిడకు ఎవరైనా విడమరిచి చెప్పి ఉండాల్సింది.

2020లో ఇదే కథ అఫ్గానిస్థాన్ విషయంలో దోహాలో మొదలైంది. ఫిబ్రవరి 29న అమెరికా తరఫున జల్మే ఖలీల్‌జాద్, తాలిబన్ల తరఫున ముల్లా బరాదర్ సంతకాలు చేశారు. కాబూల్ ప్రభుత్వం ఆ ఒప్పందంలో పక్షమే కాదు. అయినా 5 వేల మంది దాకా తాలిబన్ ఖైదీలను విడుదల చేసే భారం దాని నెత్తినే పడింది. మార్చి మొదట్లో, ఇక్కడ డిగ్రీ చదువుతున్న కాబూల్ కుర్రాడొకడు నా దగ్గరికి వచ్చాడు. శాంతి కుదిరింది, చదువు ఆపి వచ్చేయ్, ఇక్కడే ఉద్యోగం చూసుకోవచ్చని తండ్రి ఫోనులో చెబుతున్నాడట. "ఏం చేయమంటారు మేడమ్?" అన్నాడు. సలహా ఇవ్వడం కంటే ఒప్పందం ప్రతి తీసి అతనితోనే చదివించడం మేలనిపించింది. పెద్ద పత్రమేమీ కాదది. తేదీ, గడువు కనిపించిన ప్రతిచోటా పెన్సిలుతో సున్నా చుట్టమన్నాను. 135 రోజుల్లో అమెరికా బలగాలు 8,600కు తగ్గాలి. 14 నెలల్లో విదేశీ బలగాలన్నీ వెళ్లిపోవాలి. మార్చి 10న అఫ్గాన్ పక్షాల మధ్య చర్చలు మొదలవ్వాలి. అన్నిటికీ సున్నాలు పడ్డాయి. శాశ్వత కాల్పుల విరమణ దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు ఆగిపోయింది. దానికి గడువు లేదు. అది చర్చల ఎజెండాలో ఒక అంశంగా ఉంటుందని మాత్రమే రాసి ఉంది. మార్చిలో మొదలవ్వాల్సిన ఆ చర్చలు సెప్టెంబరు 12న గానీ మొదలు కాలేదు. అతను చదువు మానలేదు. 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల చేతికి చిక్కిన రాత్రి తెల్లవార్లూ ఇంటికి ఫోను కలుపుతూనే ఉన్నాడు.

అయితే ఏ ఉపసంహరణా శాంతి తీసుకురాలేదా అంటే, తీసుకొచ్చినవి ఉన్నాయి. నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పిన ఉదాహరణ నమీబియా, అంగోలాలది. 1988 డిసెంబరు 22న న్యూయార్క్‌లో అంగోలా, క్యూబా, దక్షిణాఫ్రికాలు సంతకాలు చేశాయి. దాని ప్రకారం తన పాలనలో ఉన్న నమీబియా నుంచి దక్షిణాఫ్రికా తప్పుకోవాలి, అంగోలా ప్రభుత్వానికి అండగా ఉన్న సుమారు 50 వేల మంది క్యూబా సైనికులు ఆ దేశం నుంచి వెళ్లాలి. ఇద్దరూ వెళ్లారు. నమీబియాలో ఎన్నికల దాకా నడిపించే ప్రణాళిక ఐరాస భద్రతా మండలి తీర్మానం రూపంలో 1978 నుంచే సిద్ధంగా ఉంది. దాన్ని అమలు చేయించడానికి ఐరాస దళం దిగింది. ఆ దళానికి కమాండర్ మన భారతీయుడే, లెఫ్టినెంట్ జనరల్ ప్రేమ్ చంద్. 1989 ఏప్రిల్‌లో సరిహద్దు దగ్గర కాల్పుల్లో, నమీబియా స్వాతంత్ర్యం కోసం పోరాడే గెరిల్లాలు వందల మంది చనిపోయినప్పుడు అంతా తలకిందులైందనే అనుకున్నారు. మధ్యలో నిలబడి లెక్క చూసేవాళ్లు ఉన్నారు కాబట్టి ప్రక్రియ తెగిపోలేదు. నవంబరులో ఎన్నికలు జరిగాయి. 1990 మార్చి 21న దేశం స్వతంత్రమైంది. మన సైన్యం ట్రింకోమలీ వదిలింది సరిగ్గా ఆ మూడు రోజులకే. అంగోలాలో మాత్రం ప్రభుత్వంతో పోరాడుతున్న యునీటాకు ఆ ఒప్పందంలో చోటే లేదు. 1991లో వేరే ఒప్పందం చేసుకుని, 1992లో ఎన్నికలు పెట్టినా దాని నాయకుడు సవింబీ ఫలితాన్ని ఒప్పుకోలేదు. 2002లో అతను చనిపోయేదాకా యుద్ధం సాగింది. ఒక్క ఒప్పందమే, సైన్యాలు రెండు దేశాల నుంచీ చెప్పినట్టే వెళ్లాయి. శాంతి ఒక్కదానికే దక్కింది.

అపోహ: స్థానికులకు తుపాకులిచ్చి శిక్షణ ఇచ్చి వెళితే సరిపోతుంది.

వాస్తవం: తుపాకీ కంటే ముందు జీతం, ఇంధనం, మరమ్మతు కావాలి. సోవియట్ సైన్యం 1989 ఫిబ్రవరి 15న అఫ్గానిస్థాన్ వదిలినప్పుడు, దాని అండతో నడిచిన నజీబుల్లా ప్రభుత్వం వారాల్లో కూలుతుందని అందరూ జోస్యం చెప్పారు. మరుసటి నెలలోనే జలాలాబాద్ మీద ముజాహిదీన్లు చేసిన దాడిని అది తిప్పికొట్టింది. మాస్కో నుంచి డబ్బు, ఆయుధాలు, ఇంధనం వచ్చినంత కాలం నిలబడింది. 1992 మొదట్లో ఆ సాయం ఆగింది, ఏప్రిల్‌లో ప్రభుత్వం పడిపోయింది. 2021లో అమెరికా సైనికులతో పాటు హెలికాప్టర్లు బాగుచేసే కాంట్రాక్టర్లు కూడా వెళ్లిపోయారు. అఫ్గాన్ సైన్యం పోరాడలేదని తేలిగ్గా అనేవాళ్లకు ఒక్క మాట: ఆ 20 ఏళ్లలో 60 వేలకు పైగా అఫ్గాన్ సైనికులు, పోలీసులు ప్రాణాలు వదిలారు.

శ్రీలంకలో మనం వదిలి వచ్చినది ఇంకా బాధాకరం. వరదరాజ పెరుమాళ్ నాయకత్వంలోని ఈశాన్య ప్రాంతీయ ప్రభుత్వానికి అండగా ఉంటుందని తమిళ జాతీయ సైన్యాన్ని నిలబెట్టారు. ఎందరో కుర్రాళ్లను బలవంతంగా అందులో చేర్చారు. మన దళాలు కదిలే కొద్దీ ఎల్టీటీఈ దాన్ని తుడిచిపెట్టింది. ఆవడిలో స్థిరపడిన మా శ్రీకాకుళం వైపు రిటైర్డ్ హవల్దార్ ఒకాయన ఉన్నారు, నేను బాబాయి అని పిలుస్తాను. అప్పట్లో వవునియాలో పనిచేశారు. జులై నెలాఖరుకు మన సైన్యం వెళ్లిపోవాలని శ్రీలంక కొత్త అధ్యక్షుడు ప్రేమదాస 1989 జూన్‌లో బహిరంగంగా గడువు పెట్టిన వారం నుంచే, రోజూ పలకరించే టీ కొట్టతను మన సైనికుల చేతి నుంచి డబ్బు తీసుకోవడానికి కూడా భయపడ్డాడట. గస్తీకి వెళితే ఎవరూ ఏదీ చెప్పేవారు కాదట. వెళ్లేవాళ్లతో కనిపిస్తే ఉండేవాళ్లు ఊరుకోరు కదా అంటారాయన. ఉపసంహరణ గురించి చర్చించే ప్రతివాళ్లూ ఆ టీ కొట్టతని స్థానంలో ఒకసారి నిలబడి ఆలోచించాలి.

అపోహ: అలాగైతే విదేశీ సైన్యం ఉండిపోవడమే మంచిది.

వాస్తవం: కాదు. బయటి సైన్యం ఎంత మంచి ఉద్దేశంతో వెళ్లినా ఏదో ఒక రోజు తానే యుద్ధంలో ఒక పక్షమవుతుంది. 1987 అక్టోబరులో జాఫ్నా ఆసుపత్రిలో మన సైన్యం కాల్పుల్లో వైద్యులు, నర్సులు, రోగులు చనిపోయారు. మనవాళ్లు సుమారు 1,200 మంది ఆ గడ్డ మీద ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ కుటుంబాల దుఃఖమూ, జాఫ్నా కుటుంబాల దుఃఖమూ రెండూ నిజమే. ఎప్పుడు వెళ్లాలన్నదాని కంటే, ఎవరెవరి మధ్య ఏం కుదిర్చి వెళుతున్నారన్నదే అసలు చర్చ కావాలి.

వాట్సాప్‌లో తిరిగే మిగతావాటికి ఇంత చోటు అక్కర్లేదు. అమెరికా 85 బిలియన్ డాలర్ల ఆయుధాలు వదిలేసిందన్నది అబద్ధం. అది 20 ఏళ్లలో అఫ్గాన్ బలగాల మీద పెట్టిన మొత్తం ఖర్చుకు దగ్గరి అంకె, జీతాలతో సహా. మిగిలిపోయిన సామగ్రి విలువ సుమారు 7 బిలియన్లని పెంటగాన్ లెక్క. శ్రీలంకకు వెళ్లిన మన శాంతి సేన ఐరాస దళం అన్నది కూడా తప్పే. రెండు దేశాల ఒప్పందంతో వెళ్లిన భారత సైన్యమే అది.

శిబిరాల నుంచి వచ్చి, ఇప్పుడైనా వెళ్లవచ్చా అని ఆందోళనగా అడిగేవాళ్లకు నేను ఔననీ కాదనీ చెప్పను, అది వాళ్ల నిర్ణయం. 2009లో యుద్ధం ముగిశాక ఎందరో వెళ్లారు, ఎందరో ఇక్కడే ఉండిపోయారు. వెళ్లాలనుకుంటే చెన్నైలో ఐరాస శరణార్థుల సంస్థ కార్యాలయం ఉంది, అక్కడ అడగండి, దళారులను నమ్మి పడవ ఎక్కకండి. ఇక్కడ పుట్టిన పిల్లల జననాన్ని నగరంలోని శ్రీలంక డిప్యూటీ హైకమిషన్‌లో నమోదు చేయించండి. ఆ నమోదుకు ఇక్కడి జనన ధ్రువపత్రం కావాలి. అది లేని పిల్లలు ఇంట్లో ఉంటే ముందు ఆ పని మీద తిరగండి.