టీ-బీమ్ బలం లెక్క: ఫ్లాంజ్ చుట్టూ ఉన్న అపోహలు, వాస్తవాలు

బీమ్‌ను, దాని మీది స్లాబ్‌ను కలిపి పోస్తే టీ ఆకారంలో పనిచేసేది టీ-బీమ్. పైన అడ్డంగా ఉండే స్లాబ్ భాగం ఫ్లాంజ్, కింది నిలువు భాగం వెబ్. దీని మీద వాదన మొదలైతే చాలాసార్లు అది ఫ్లాంజ్ వెడల్పు దగ్గరే ఆగిపోతుంది. కోడ్‌లో ఉన్న ఫార్ములా ఏది, స్పాన్ (సపోర్టుల మధ్య దూరం) ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలి అని చాలాసేపు మాట్లాడుకుంటాం. అదే బీమ్‌లో సపోర్ట్ దగ్గర ఫ్లాంజ్ కంప్రెషన్‌లో (నొక్కుడులో) ఉందా, టెన్షన్‌లో (లాగుడులో) ఉందా అన్న ప్రశ్న మాత్రం పక్కన పడిపోతుంది. మొదటి ప్రశ్నకు ఏ జవాబు ఇచ్చినా బీమ్ బలం పెద్దగా మారదు. రెండోది తప్పితే మాత్రం డిజైనే తప్పుతుంది.

మాటల కంటే అంకెలు నయం కాబట్టి ఒకే బీమ్‌ను పట్టుకుని నడుద్దాం. వెబ్ వెడల్పు 300 మి.మీ., మొత్తం లోతు 500, ఎఫెక్టివ్ డెప్త్ (కంప్రెషన్ అంచు నుంచి టెన్షన్ స్టీలు మధ్య దాకా లోతు) 450, స్లాబ్ మందం 120. స్పాన్ 6 మీటర్లు, కంటిన్యుయస్ బీమ్ (సపోర్టుల మీదుగా ఆగకుండా సాగేది), పక్క బీమ్‌లు 3 మీటర్ల దూరంలో ఉన్నాయి. ఎం25 కాంక్రీట్, ఎఫ్ఈ 500 స్టీలు (బలం చదరపు మి.మీ.కు వరుసగా 25, 500 న్యూటన్లు). మిడ్ స్పాన్‌లో కింద 20 మి.మీ. రాడ్లు నాలుగు, అంటే 1256 చదరపు మి.మీ. లెక్కలన్నీ భారత కాంక్రీట్ కోడ్ ఐఎస్ 456:2000లోని లిమిట్ స్టేట్ పద్ధతిలోనే, అంటే కూలే దశ బలాన్ని చూసే పద్ధతిలోనే.

అపోహ: ఫ్లాంజ్ ఎంత వెడల్పు తీసుకుంటే బీమ్ అంత బలంగా వస్తుంది.

ముందు వెడల్పు లెక్క చూద్దాం. మూమెంట్ (బీమ్‌ను వంచే ప్రభావం) సున్నా అయ్యే బిందువుల మధ్య దూరంలో ఆరో వంతు, దానికి వెబ్ వెడల్పు, దానికి స్లాబ్ మందానికి ఆరు రెట్లు కలపమంటుంది కోడ్. కంటిన్యుయస్ బీమ్‌కు ఆ దూరం స్పాన్‌లో 0.7 వంతు, అంటే 4.2 మీటర్లు. 700, 300, 720 కలిపితే 1720 మి.మీ. సింప్లీ సపోర్టెడ్ (రెండు చివర్లా ఊరికే ఆనించిన బీమ్) అనుకుని పూర్తి 6 మీటర్లు వేస్తే 2020 వస్తుంది. పక్క బీమ్‌తో సగం సగం పంచుకునే 3000 పరిమితికి రెండూ లోపలే ఉన్నాయి.

ఇప్పుడు బలం. స్టీలులో వచ్చే బలం 0.87 × 500 × 1256, అంటే సుమారు 546 కిలోన్యూటన్లు. 1720 వెడల్పుతో న్యూట్రల్ యాక్సిస్ (కంప్రెషన్, టెన్షన్ భాగాలను విడదీసే గీత) పై నుంచి 35 మి.మీ. లోతులో పడుతుంది. లీవర్ ఆర్మ్ (కంప్రెషన్, టెన్షన్ బలాల మధ్య దూరం) 435, మూమెంట్ బలం దాదాపు 238 కిలోన్యూటన్ మీటర్లు. 2020 వేస్తే 239. వెడల్పును సగానికి కోసి 860 అన్నా 230 దగ్గర నిలుస్తుంది. సగం ఫ్లాంజ్ పోతే పోయిన బలం నాలుగు శాతం లోపే.

కారణం సూటిగా ఉంది. ఇలాంటి బీమ్‌లో మూమెంట్ బలాన్ని నిర్ణయించేది టెన్షన్ స్టీలు. ఫ్లాంజ్ కేవలం లీవర్ ఆర్మ్‌ను కొంచెం పొడిగిస్తుంది. న్యూట్రల్ యాక్సిస్ ఇప్పటికే 35 మి.మీ. దగ్గర ఉంటే, దాన్ని ఇంకో ఐదు మి.మీ. పైకి లాగినా ఆర్మ్‌లో కలిసేది రెండు మి.మీ. మాత్రమే. ఫ్లాంజ్‌లో ఒత్తిడి వెబ్ మీద ఎక్కువగా, పక్కకు పోయేకొద్దీ తక్కువగా ఉంటుంది. ఆ పంపిణీకి బదులుగా సమానంగా పనిచేసే ఒక వెడల్పును ఊహించుకుంటాం, అదే ఎఫెక్టివ్ వెడల్పు. 1924లో ఇంజనీర్ థియోడర్ వాన్ కార్మాన్ దీని మీద రాశారు. అమెరికా కాంక్రీట్ కోడ్ ఏసీఐ 318 వేరే నియమాలతో వేరే అంకె ఇస్తుంది. ఇలాంటి సాధారణ బీమ్ ఫైనల్ బలంలో ఆ తేడా కనబడదు. కాబట్టి తక్కువ వెడల్పు వేసుకుని ముందుకు వెళ్ళండి, కంగారు పడాల్సిన చోటు ఇది కాదు.

మరి ఫ్లాంజ్ వల్ల లాభమే లేదా? ఉంది, కానీ చాలామంది వెతికే చోట కాదు. అదే 1256 స్టీలును 300 వెడల్పు దీర్ఘచతురస్ర బీమ్‌లో పెట్టి చూడండి. న్యూట్రల్ యాక్సిస్ 202 మి.మీ.కి దిగుతుంది. అనుమతించిన పరిమితి 207. బలం 199 అని వస్తుంది, కానీ గట్టు చివర నిలబడ్డాం. కాంక్రీట్ నలిగే సమయానికి స్టీలులో స్ట్రెయిన్ (సాగుడు నిష్పత్తి) 0.0043 దగ్గర ఉంటుంది. టీ-బీమ్‌లో అది 0.04 దాటుతుంది. అంటే కూలేముందు వంగి, పగుళ్ళిచ్చి, హెచ్చరించే గుణం ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా స్టీలును రెట్టింపు చేసి ఎనిమిది రాడ్లను రెండు వరుసల్లో పెట్టి, ఎఫెక్టివ్ డెప్త్ 430 అనుకున్నా, టీ-బీమ్ 437 కిలోన్యూటన్ మీటర్లు మోస్తుంది. దీర్ఘచతురస్రం ఒంటి స్టీలుతో (టెన్షన్ వైపు మాత్రమే రాడ్లతో) 185 దగ్గరే ఆగిపోతుంది. ఎక్కువ స్టీలును భద్రంగా వాడుకోనివ్వడమే ఫ్లాంజ్ చేసే అసలు మేలు. అంత స్టీలు పెట్టినప్పుడు షియర్ (కోత బలం) విడిగా చూడాలి, అక్కడ లెక్కలోకి వచ్చేది వెబ్ వెడల్పు 300 మాత్రమే.

అపోహ: టీ-బీమ్ అంటే చివర నుంచి చివర దాకా టీ-బీమే.

నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది ఇదే. కాంక్రీట్ టెన్షన్ మోయదని అనుకుని లెక్క వేస్తాం కదా, అలాంటప్పుడు ఫ్లాంజ్ కంప్రెషన్‌లో ఉన్న చోటే దాన్ని లెక్కించాలి. కంటిన్యుయస్ బీమ్‌లో సపోర్ట్ దగ్గర మూమెంట్ తిరగబడుతుంది. పైన ఉన్న స్లాబ్ టెన్షన్‌లోకి వెళ్తుంది, కంప్రెషన్ కింద 300 వెడల్పు వెబ్ మీద పడుతుంది. అక్కడ ఆ బీమ్ 300 × 500 దీర్ఘచతురస్రం, అంతే.

మన బీమ్ మీద ఫ్యాక్టర్డ్ లోడ్ (భద్రతా గుణకంతో పెంచిన లోడ్) మీటరుకు 60 కిలోన్యూటన్లు అనుకుందాం. మూమెంట్ అంటే లోడ్‌ను స్పాన్ వర్గంతో, కోడ్ ఇచ్చే కోఎఫిషియంట్‌తో గుణించడమే. తేలిక కోసం మొత్తం లోడ్‌కూ డెడ్ లోడ్ కోఎఫిషియంట్లే వాడితే మిడ్ స్పాన్‌లో పన్నెండో వంతుతో 180, మొదటి లోపలి సపోర్ట్ దగ్గర పదో వంతుతో 216 వస్తుంది. ఆ 216ను టీ-సెక్షన్‌గా డిజైన్ చేస్తే 1139 చదరపు మి.మీ. స్టీలు చాలంటుంది. కానీ ఆ స్టీలుకు నిజమైన దీర్ఘచతురస్ర సెక్షన్‌లో వచ్చే బలం 185 మాత్రమే. పైగా ఒంటి స్టీలుతో ఆ సెక్షన్ గరిష్ఠ పరిమితే 203. అంటే ఇక్కడ పైన స్టీలు పెంచితే సరిపోదు. కింది రాడ్లను సపోర్ట్ లోపలికి తగిన డెవలప్‌మెంట్ లెంగ్త్‌తో (రాడ్‌కు కాంక్రీట్‌లో పట్టు దొరికే పొడవుతో) కొనసాగించి కంప్రెషన్ స్టీలుగా లెక్కించాలి, లేదా బీమ్ సైజు పెంచాలి. మిడ్ స్పాన్‌లో 238 బలం చూసి నిశ్చింతగా ఉన్న బీమ్ సపోర్ట్ దగ్గర చాలకుండా పోతోంది. బీమ్ సైజును చాలాసార్లు సపోర్టే నిర్ణయిస్తుందనడానికి కారణం ఇదే.

ఇన్వర్టెడ్ బీమ్‌లో కథ తిరగబడుతుంది. స్లాబ్ కింద ఉంటుంది కాబట్టి మిడ్ స్పాన్‌లో దీర్ఘచతురస్రం, సపోర్ట్ దగ్గర టీ. పైన స్లాబ్ ఉన్న కాంటిలివర్‌కు (ఒక చివరే పట్టున్న బీమ్‌కు) మాత్రం ఎక్కడా టీ లెక్క వర్తించదు. బీమ్ ఆకారం చూసి కాదు, ఆ సెక్షన్‌లో మూమెంట్ దిశ చూసి నిర్ణయించండి.

ఇంకో చిన్న మాట. సపోర్ట్ దగ్గర పై రాడ్లన్నీ వెబ్ వెడల్పులోనే కుక్కితే కాలమ్ రాడ్ల మధ్య కాంక్రీట్ దిగే దారి ఉండదు, వైబ్రేటర్ సూది కూడా పట్టదు. కొన్నింటిని పక్కన స్లాబ్‌లోకి జరపడం పగుళ్ళ అదుపుకూ మంచిదే. ఏసీఐ 318 దాన్ని స్పష్టంగా అడుగుతుంది.

అపోహ: స్లాబ్ మందం, ఎఫెక్టివ్ డెప్త్ నిష్పత్తి 0.2 లోపు ఉంటే ఐఎస్ 456 అనుబంధం జిలోని మొదటి ఫార్ములా (ఫ్లాంజ్ మందమంతా ఒత్తిడి సమానమని తీసుకునేది) వేసేయొచ్చు.

ఆ 0.2 పరీక్ష న్యూట్రల్ యాక్సిస్ గరిష్ఠ పరిమితిలో ఉన్నప్పటికి రాసింది. ఎఫ్ఈ 500కు ఆ పరిమితి ఎఫెక్టివ్ డెప్త్‌లో 0.46 వంతు. స్ట్రెస్ బ్లాక్‌లో (కాంక్రీట్‌లో కంప్రెషన్ ఒత్తిడి పంపిణీ చిత్రంలో) సమానంగా ఉండే పైభాగం న్యూట్రల్ యాక్సిస్ లోతులో ఏడింట మూడు వంతులు, అంటే 0.43. రెండూ గుణిస్తే దాదాపు 0.2. న్యూట్రల్ యాక్సిస్ ఫ్లాంజ్ దాటి, గరిష్ఠ పరిమితి లోతుకు చేరకుండా ఉంటే చూడాల్సింది స్లాబ్ మందాన్ని న్యూట్రల్ యాక్సిస్ లోతుతో భాగిస్తే 0.43 దాటుతుందా అని. దాటితే స్లాబ్ మందం బదులు సవరించిన మందం వాడాలి. అది న్యూట్రల్ యాక్సిస్ లోతుకు 0.15 వంతు, స్లాబ్ మందానికి 0.65 వంతు కలిపిన మొత్తం. ఈ అంకెలు గాలిలోంచి రాలేదు. నిష్పత్తి సరిగ్గా 0.43 దగ్గర ఈ మొత్తం స్లాబ్ మందానికి సమానమవుతుంది. న్యూట్రల్ యాక్సిస్ స్లాబ్ అడుగున ఆగినప్పుడు 0.8 వంతు అవుతుంది, దాన్ని ఫ్లాంజ్ కంప్రెషన్ లెక్కలోని 0.45తో గుణిస్తే దీర్ఘచతురస్ర సెక్షన్ లెక్కలోని 0.36 తిరిగి వస్తుంది. రెండు చివర్లా అతుకు కనబడకుండా కూర్చారు. నాకు ఈ అనుబంధంలో బాగా నచ్చే చోటు ఇది.

అయితే మామూలు భవనాల్లో ఇంతదూరం రావడం అరుదు. మన బీమ్‌లో న్యూట్రల్ యాక్సిస్ స్లాబ్ కిందికి దిగాలంటే 4270 చదరపు మి.మీ. స్టీలు కావాలి, అంటే 25 మి.మీ. రాడ్లు తొమ్మిది. పలుచని ఫ్లాంజ్ ఉన్న ప్రీకాస్ట్ సెక్షన్లు, పక్కన స్లాబ్ లేని ఒంటరి టీ-బీమ్‌ల దగ్గర ఈ లెక్క నిజంగా పనికొస్తుంది.

అపోహ: స్లాబ్ తన బరువు మోయడానికే కంప్రెషన్ వాడుకుంటోంది కదా, బీమ్‌కు మళ్ళీ లెక్కిస్తే ఒకే కాంక్రీట్‌ను రెండుసార్లు వాడినట్టే.

అనుమానం మంచిదే. కానీ బీమ్ మీదికి స్పాన్ అయ్యే స్లాబ్ వంగేది బీమ్‌కు అడ్డంగా, ఫ్లాంజ్‌లో బీమ్ తెచ్చే కంప్రెషన్ బీమ్ వెంట. రెండు దిశలు వేరు. జాగ్రత్త పడాల్సింది స్లాబ్ మెయిన్ స్టీలు బీమ్‌కు సమాంతరంగా ఉన్నప్పుడు. అప్పుడు బీమ్ మీదుగా అడ్డంగా స్టీలు వేయాలి, అది స్లాబ్ మిడ్ స్పాన్ మెయిన్ స్టీలులో 60 శాతానికి తగ్గకూడదు. ఆ అడ్డ స్టీలే ఫ్లాంజ్‌ను వెబ్‌తో కట్టి ఉంచుతుంది. బీమ్ మీద ఊరికే ఆనించిన ప్రీకాస్ట్ పలకలను ఎప్పుడూ ఫ్లాంజ్‌గా లెక్కించకండి.

అపోహ: కనీస స్టీలుకు ఫ్లాంజ్ వెడల్పు వేయాలి.

వెబ్ వెడల్పే వేయాలి. మన బీమ్‌కు అది 230 చదరపు మి.మీ. ఫ్లాంజ్ వెడల్పు వేస్తే 1316 అవుతుంది, లెక్కలో అవసరమైన స్టీలు కంటే ఎక్కువ.

సాఫ్ట్‌వేర్ ఇచ్చిన రిజల్ట్ నమ్మే ముందు మిడ్ స్పాన్ సెక్షన్‌ను అది టీగా తీసుకుందా, దీర్ఘచతురస్రంగా తీసుకుందా చూడండి. చేతి లెక్కకు లీవర్ ఆర్మ్‌ను ఎఫెక్టివ్ డెప్త్‌లోంచి స్లాబ్ మందంలో సగం తీసేసి వాడండి. మన బీమ్‌కు అది 390 మి.మీ., బలం 213. అసలు 238 కంటే తక్కువే, అంటే భద్రమైన వైపే. న్యూట్రల్ యాక్సిస్ స్లాబ్‌లో ఉన్నంతవరకు ఈ తేలిక లెక్క ఎప్పుడూ అసలు బలాన్ని మించదు. సపోర్ట్ దగ్గర మాత్రం దీన్ని వాడకండి, అక్కడ ఆర్మ్ ఇంతకంటే చిన్నది.