ఫండ్స్ పడ్డాయటగా సార్? విదేశీ అప్పుల ప్రాజెక్టులపై అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర టీ తాగుతుంటే ఒక సర్పంచ్ గారు అడిగిన మాటే పైది. ఏదో రుణ ఒప్పందం మీద సంతకాలయ్యాయని ఆయన పేపర్లో చదివారట. ఇలాంటి ప్రాజెక్టుల్లో బిల్లులు చూడడం నా ఉద్యోగం కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు.

అపోహ: సంతకం అయితే డబ్బు వచ్చేసినట్టే.

సంతకంతో వచ్చేది మాట మాత్రమే. అప్పు తీసుకునేది భారత ప్రభుత్వం. 2005 నుంచి మనలాంటి రాష్ట్రాలకు అదే వడ్డీకి, అదే గడువుకి దాటిస్తోంది. డాలరు పెరిగితే ఆ బరువు కూడా మనదే. మామూలుగా రాష్ట్రం ముందు తన ఖజానా నుంచి ఖర్చు పెట్టి, లెక్కలు పంపి, తర్వాత రాబట్టుకుంటుంది. బిల్లు ఆగిందని కాంట్రాక్టర్లు వరల్డ్ బ్యాంకును తిడతారు గానీ, నేను చూసినంతలో ఆ బిల్లు ఎం-బుక్కులోనో (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) ట్రెజరీలోనో ఇరుక్కుని ఉంటుంది.

అపోహ: ఇద్దరు అప్పిస్తే తలనొప్పి రెండింతలు.

అది పొయ్యి ఒకటా, రెండా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఉమ్మడిగా ఇస్తే ప్రతి బిల్లులోనూ ఇద్దరి వాటా ఉంటుంది, రూలు పుస్తకం మాత్రం ఒకటే. వేరు కాపురమైతే ఈ ప్యాకేజీ ఒకరిది, ఆ ప్యాకేజీ ఇంకొకరిది, ఎవరి టెండరు రూల్స్ వాళ్లవి. మా నెత్తిన పడేది ఈ రెండోదే.

బీజింగ్‌లోని ఆసియా మౌలిక వసతుల పెట్టుబడి బ్యాంకు (ఏఐఐబీ) 2016 జనవరిలో పని మొదలుపెట్టింది. ఏప్రిల్‌లోనే వరల్డ్ బ్యాంకుతో ఒక ఒప్పందం చేసుకుంది: కలిసి అప్పిచ్చే ప్రాజెక్టుల తయారీ, పర్యవేక్షణ వరల్డ్ బ్యాంకు చూడాలి, దాని రూల్సే నడవాలి. మరుసటి ఏడాదే మన రాష్ట్ర కరెంటు ప్రాజెక్టుకు వరల్డ్ బ్యాంకు 24 కోట్ల డాలర్లు, ఏఐఐబీ 16 కోట్ల డాలర్లు ఇచ్చాయి.

అపోహ: భాగస్వామ్యం అంటే తలా కొంత డబ్బు వేయడం.

మన రెండు జిల్లాల్లో ఆడవాళ్లు ఇప్పటికీ 'వెలుగు ఆఫీసు' అంటారు. 2000లో వరల్డ్ బ్యాంకు అప్పుతో ఆరు జిల్లాల్లో మొదలైన వెలుగు ప్రాజెక్టు పేరది. ఆ ఆరింటిలో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. కానీ ఊళ్లో ఆడవాళ్లను సంఘాలుగా కట్టి, సంఘాలను పైస్థాయి సమాఖ్యలుగా కలిపే పద్ధతి వరల్డ్ బ్యాంకు సొంత బుర్రలో పుట్టింది కాదు. అంతకుముందే మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ చిన్న స్థాయిలో చేసి చూసింది. సంఘాలకు బ్యాంకు లింకేజీ, అంటే బ్యాంకు అప్పు ఇప్పించడం సంగతికొస్తే, అది గ్రామీణ అభివృద్ధి బ్యాంకు నాబార్డు 1992లో 500 సంఘాలతో మొదలుపెట్టిన బాట. ఒకరు చిన్నగా చేసి చూశారు, ఒకరు పెద్దది చేశారు, రోజువారీ అప్పు మన ఊరి బ్యాంకు బ్రాంచి ఇచ్చింది. నన్నడిగితే, ఒప్పంద పత్రం (ఎంఓయూ) మీద నవ్వుతూ దిగే ఫోటోల కన్నా భాగస్వామ్యం అనదగ్గది ఇదే.

అపోహ: వరల్డ్ బ్యాంకుకీ ఏడీబీకీ (ఆసియా అభివృద్ధి బ్యాంకు) పడదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టాక నష్టం అంచనాను రాష్ట్ర ప్రభుత్వం, ఈ రెండు బ్యాంకులు కలిసే వేశాయి. అంతకన్నా చెప్పడానికేం లేదు.

అపోహ: చెట్ల లిస్టులు, నో అబ్జెక్షన్లు (అప్పిచ్చేవాళ్ల ముందస్తు అనుమతులు) కాగితాల కోసమే.

నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. ఉద్దానంలో ఒక రోడ్డు పని. దారికి అడ్డొచ్చే కొబ్బరి చెట్లు లెక్కపెట్టాం, నష్టపరిహారం లిస్టు తయారైంది, చెల్లింపు మాత్రం పెండింగ్. వానలొచ్చేస్తాయన్న టెన్షన్‌లో మా యూనిట్ కాంట్రాక్టరుకు 'కానివ్వండి' అనేసింది. అప్పిచ్చిన బ్యాంకు తనిఖీ బృందం (మిషన్) వచ్చినప్పుడు అందులో ఒకావిడ కారు దిగి, తాజాగా నరికిన మొదళ్లను ఒక్కొక్కటే లెక్కపెట్టింది. పద్నాలుగు. మా లిస్టులోనూ పద్నాలుగే, చెల్లించినవి సున్నా. ఆ ముక్కకు పెట్టిన ఖర్చు అప్పు కింద చెల్లదన్నారు, రాష్ట్రమే భరించింది. మాకు మెమోలు అందాయి. చెట్ల యజమాని ముసలాయనకు డబ్బు మాత్రం ఆ నెలలోనే పడింది, అంతకుముందు ఏడాదిగా మా ఆఫీసు చుట్టూ తిరిగాడాయన.